మణికట్టులో ఎముకలు

జిగురు డబ్బాలు ప్రిన్సిపాల్ గారి గదిలోంచే వచ్చాయి. వాటితో పాటు కొత్తగా అచ్చేయించిన కాగితాల కట్ట కూడా వచ్చింది. పదో తరగతి సైన్సు పుస్తకంలో జీవుల పుట్టుక పాఠం ఉన్న పేజీల మీద ఈ కాగితాలు అంటించాలి, అంటించాక వాటిని చదివి వినిపించాలి, అంతకు మించి ఒక్క ముక్క కూడా చెప్పనక్కర్లేదు. ఇదీ కబురు. కట్టను బల్ల మీద దించిన ప్యూను పోతూ పోతూ గుమ్మంలో ఆగి, కింది అక్షరాలు పైకి కనపడకుండా జిగురు దట్టంగా రాయమన్నారని కూడా చెప్పి వెళ్ళాడు.

సైన్సు టీచరు పై కాగితం తీసి చదివింది. దేవుడు ప్రతి ప్రాణినీ ఇప్పుడున్న రూపంలోనే, ఒక్కసారిగా, దేనికది విడివిడిగా చేశాడని అందులో ఉంది. ఒక ప్రాణి నుంచి మరొకటి రాలేదనీ, అలా అనుకోవడం మనిషి గర్వమనీ ఉంది. రాసింది ప్రార్థన మాస్టారు. పాఠం సంగతి ఎలా ఉన్నా ఆయన వాక్యం మాత్రం పాఠ్యపుస్తకంలో వాక్యం కంటే వెయ్యి రెట్లు నయమని ఆమె ఒప్పుకోక తప్పలేదు. చేప పొలుసును గురించి ఆయన రాసిన రెండు వాక్యాలు చదివితే ఎవరికైనా వెళ్ళి చేపను చూడాలనిపిస్తుంది. అంత బాగా చూడగలిగిన మనిషి ఇలా ఎందుకు రాశాడో ఆమెకు అంతు పట్టలేదు.

పిల్లలు అంటించడం మొదలుపెట్టారు. వేలితో జిగురు తీసి, అంచుల వెంట రాసి, కాగితం దించి, మధ్య నుంచి పక్కలకు అరచేత్తో నిమరాలి. లేకపోతే కింద గాలి చేరి బుడగలు లేస్తాయి. ఈ కిటుకు చెప్పింది ఆమే. అలవాటుకొద్దీ చెప్పేసి, తర్వాత నాలుక కరుచుకుంది. తన పాఠాన్ని పూడ్చే పనిని కూడా శుభ్రంగా చేయించే పిచ్చి ఆమెది.

తరగతిలో నిమిరే చప్పుడు తప్ప ఏమీ లేదు. నల్లబల్ల పైన గోడకు బిగించిన పెట్టెలోంచి సన్నని రొద వస్తోంది. సెలవుల్లో బిగించారు దాన్ని. ఆఫీసులోంచి ప్రకటనలు వినిపించడానికన్నారు గాని, ఇంతవరకూ అందులోంచి ఒక్క ప్రకటనా రాలేదు. ఆ రొద మాత్రం ఉండుండి మొదలవుతుంది, ఉండుండి ఆగిపోతుంది. మొదలైనప్పుడు పిల్లలు నడుము నిటారుగా పెట్టి కూర్చుంటారు. టీచరు కూడా గొంతు సవరించుకుంటుంది. అది వినిపించే పెట్టె కాదనీ వినే పెట్టె అనీ ఎవరు ఎవరికి చెప్పారో తెలియదు, అందరికీ తెలుసు.

ముందు వరసలో పిచ్చుక చెయ్యెత్తింది. పీలగా ఉంటుంది, గొంతు పిచ్చుక గొంతు, అందుకే ఆ పేరు. ఇంట్లో కూడా అలాగే పిలుస్తారు. ప్రార్థనలో అందరికంటే ముందు కళ్ళు మూసుకుని అందరి తర్వాత తెరిచే పిల్ల.

"కింద ఉన్నది అబద్ధమా టీచర్?" అంది.

పెట్టెలో రొద అలాగే ఉంది. పిల్లల వేళ్ళు కాగితాల మీద ఆగిపోయాయి. టీచరు ఒకసారి పెట్టె వైపు చూసింది. చెప్పకుండా ఉండటం చాలా తేలిక. అంటించిన కాగితం చదివి గంట కొట్టేదాకా కూర్చుంటే సరిపోయేది. కానీ ఆ పిల్ల అడిగింది నిజంగా తెలుసుకోవాలని.

"కింద ఉన్నది అబద్ధం కాదు," అంది టీచరు.

అన్నాక ఇక ఆగలేకపోయింది. పక్కనే ఉన్న నమూనాల గదిలోకి వెళ్ళి గాజు పెట్టెలో ఉన్న గబ్బిలం అస్థిపంజరాన్ని తెచ్చి బల్ల మీద పెట్టింది. అందరినీ కుడి చెయ్యి ముందుకు చాపమంది. ఎడమ చేతి వేళ్ళతో తడుముకుంటూ రమ్మంది. భుజం నుంచి మోచేతి దాకా ఒకటే ఎముక. మోచేతి నుంచి మణికట్టు దాకా రెండు. తర్వాత మణికట్టులోవి, అరచేతిలో అయిదు, ఆపైన వేళ్ళు. ఇప్పుడు గబ్బిలం రెక్క చూడండి. అదే భుజం, అదే మోచెయ్యి, అవే వేళ్ళు. రెండో ఎముక సన్నబడి మొదటిదానికి అతుక్కుపోయింది, వేళ్ళు గొడుగు పుల్లల్లా సాగిపోయాయి, అంతే తేడా. గబ్బిలం మనకు చుట్టమే, కాకపోతే పెళ్ళిళ్ళకి పిలవం అంది. పిల్లలు నవ్వారు. పిచ్చుక నవ్వలేదు. తన చేతిని తానే కొత్తగా చూసుకుంటూ, మోచేతి దగ్గర వేళ్ళు ఆపి అలాగే ఉండిపోయింది.

మర్నాడు ఉదయం ప్రార్థన సమయంలో టీచరు ఎప్పటిలాగే గేటు దగ్గర నిలబడింది. ఆమె ప్రార్థన హాల్లోకి వెళ్ళదు. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే ఆ సంగతి మర్యాదగా చెప్పింది. అప్పటి పెద్దలు అంతకంటే మర్యాదగా ఆలస్యంగా వచ్చే పిల్లలను ఆపే పని ఆమెకు అప్పగించారు. అలా ఎవరి మొహమూ మాడకుండా ఇన్నేళ్ళు గడిచిపోయాయి. గేటు దగ్గరికి హాల్లో మాటలు వినపడవు. ఒక సన్నని గొంతు లేస్తుంది. కాస్త ఆగుతుంది. తర్వాత హాలంతా ఒక్కసారిగా హోరుమంటుంది. మళ్ళీ సన్నని గొంతు, మళ్ళీ హోరు. దాన్ని బరువు దించుకోవడం అంటారు. మనసులో బరువున్నవాళ్ళు ఎవరైనా ముందుకు వెళ్ళి, జరిగింది జరిగినట్టు చెప్పాలి. ఒక్కో మాటా చెబుతుంటే హాలంతా తిరిగి పలుకుతుంది. అలా పలికితే ఆ బరువు అందరికీ తలా కాస్త పంచుకుపోతుందని నమ్మకం.

ఆ ఉదయం హోరు మామూలు కంటే చాలాసేపు సాగింది. ఎవరికి అంత బరువో పాపం అనుకుంది టీచరు.

ప్రార్థన అయ్యీ కాగానే ప్రిన్సిపాల్ గారి నుంచి పిలుపు వచ్చింది. ఆయన గొంతు పెంచి మాట్లాడటం ఎవరూ వినలేదు. కుర్చీ చూపించి, కిటికీ తెర సర్ది, తన కుడి చేతిని ఒకసారి బల్ల మీద వెల్లకిలా పెట్టుకుని చూసుకున్నాడు.

"కింద ఉన్నది అబద్ధం కాదు," అన్నాడు.

నిన్న తరగతిలో టీచరు అన్న మాటే అది.

ఆయన ఆగలేదు. భుజం నుంచి మోచేతి దాకా ఒకటే ఎముక, మోచేతి నుంచి మణికట్టు దాకా రెండు అని ఆమె అన్న మాటలే, ఆమె ఆగిన చోటల్లా ఆగుతూ అప్పజెప్పాడు. గబ్బిలం మనకు చుట్టమే, కాకపోతే పెళ్ళిళ్ళకి పిలవం అన్నది కూడా వదల్లేదు. ఆ మాట ఆయన నోట, నవ్వు లేకుండా, చావు కబురు చెబుతున్నట్టు వినపడింది. తన గొంతు తన ఒంట్లోంచి తీసి ఎదుటి మనిషికి తొడిగినట్టు అనిపించింది టీచరుకు. అంత భయంలోనూ ఒక్క చోట మాత్రం ఆమెకు చిరాకేసింది. మణికట్టులో ఏడు ఎముకలన్నాడాయన. ఏడు చీలమండలో ఉంటాయి, మణికట్టులో ఎనిమిది. ఆ దిక్కుమాలిన పెట్టె సరిగ్గా వినను కూడా వినలేదు అనుకుంది. దిద్దుదామని నోరు తెరిచి, ఇది దిద్దే సమయం కాదని మూసుకుంది.

మీకెలా తెలిసిందని మాత్రం అడిగింది. ఆయన వింతగా చూశాడు.

"తెలియకపోవడమేమిటి టీచర్ గారూ, బడంతా విన్నదేగా," అన్నాడు.

తర్వాత అసలు సంగతికి వచ్చాడు. వారం చివర, శుక్రవారం నాడు, బడి కమిటీ అధ్యక్షులవారు ప్రార్థనకు వస్తున్నారు. ఆ రోజు ఆమె హాల్లోకి వచ్చి పిల్లల ముందు ఒకే ఒక్క మాట చెప్పాలి. నేను చెప్పిన పాఠంలో తప్పు ఉంది, అంతే. కారణాలు అక్కర్లేదు, క్షమాపణ అక్కర్లేదు. చెప్పకపోతే ఉద్యోగమూ ఉండదు, బడి ఇచ్చిన ఇల్లూ ఉండదు.

"మీ నమ్మకాన్ని నేను తప్పుపట్టను. ఇంట్లో మీరేం అనుకున్నా అడిగేవాడు లేడు. బళ్ళో మాత్రం ఒక్క గొంతే వినపడాలి," అని తలుపు దాకా వచ్చి సాగనంపాడు.

బడి వెనక వరసగా ఉన్న ఇళ్ళలో చివరిది వాళ్ళది. భర్త లారీ మీద దూరం వెళ్ళి ఉన్నాడు, వచ్చే వారం గాని రాడు. ఇంట్లో ఉన్నది తనూ, అత్తగారూ. ముసలావిడ చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతూ అంతా విన్నది. సెలవు రోజున ఊళ్ళోవాళ్ళకి కూడా ఆ హాలు తెరుస్తారు. మోకాళ్ళు సహకరించినంత కాలం ఆవిడ ఒక్క వారం తప్పలేదు.

ఒక్క మాటే కదా, అనేస్తే పోయేదేముంది అన్నదావిడ. తను కూడా ఒకసారి అక్కడ బరువు దించుకున్నానని చెప్పింది. ఇరుగమ్మ దగ్గర కోడలి వంటను ఉత్తపుణ్యానికి ఆడిపోసుకుని, తర్వాత మనసు ఒప్పక వెళ్ళి చెప్పేసిందట. ఊరంతా నిలబడి, మగవాళ్ళతో సహా, మా కోడలి వంట బాగానే ఉంటుంది అని పలికారట. టీచరు ఆ రోజు మొదటిసారి నవ్వింది. అప్పుడు అక్కడ ఉంటే బాగుండేదే అనుకుంది.

"మధ్యలో ఎవరూ ఆపలేదా అత్తయ్యా?"

"ఆపకూడదే అమ్మాయ్. మొదలుపెట్టినవాళ్ళు దిగిందనుకునేదాకా ఎంతటివాడైనా నోరు మూసుకుని... కాదు, నోరు తెరిచి పలకాల్సిందే. అన్న మాట అన్నట్టు చెప్పాలి. మాట మారిస్తే ఆ బరువు రెట్టింపవుతుంది. చివర్న మాస్టారు దిగింది అంటారు, ఆయన అంటేనే చెప్పింది చెల్లినట్టు, అప్పుడు కూర్చోవాలి."

అలా అంటూ ముసలావిడ చేట పక్కన పెట్టింది. ఇంతకీ ఏం చెప్పావే ఆ పిల్లలకి, నాకూ చూపించు అంది. టీచరు దగ్గరగా జరిగి ఆవిడ చేతిని తన ఒళ్ళోకి తీసుకుంది. భుజం నుంచి మోచేతి దాకా ఒకటి, అక్కణ్ణుంచి రెండు, ఇవిగో మణికట్టులో ఎనిమిది, ఇవి అయిదు. ముడతల కింద ఎముకలు సులువుగానే చేతికి తగిలాయి. ఇన్నేళ్ళూ మోసుకు తిరిగాను గాని ఎన్నున్నాయో ఎరగను అంది ముసలావిడ. గబ్బిలానికీ ఇలాగేనా అని అడిగింది. అవునంటే, పాపం, దాన్ని చూస్తే ఊరికే భయపడేదాన్ని అంది. అంతే తప్ప దేవుడి మాట ఎత్తలేదు.

తర్వాత రోజుల్లో బడి తీరు మారింది. టీచరు నడవాలో నడుస్తుంటే గుసగుసలు ముందు ముందు ఆగిపోతూ, వెనక వెనక మొదలవుతూ ఉండేవి. తరగతిలో రొద మొదలైతే ఆమె మాట్లాడటం మాని నల్లబల్ల మీద రాసేది. పిల్లలు నోటుబుక్కుల్లోకి ఎక్కించుకునేవాళ్ళు. ఎవరూ ఏమీ అడగడం లేదు. చెయ్యెత్తే పిచ్చుక కూడా ఎత్తడం లేదు. కానీ ఆమె వెనక్కి తిరిగినప్పుడల్లా ఆ పిల్ల పెదవులు కదులుతూ కనపడేవి, శబ్దం లేకుండా.

ఒకనాడు మధ్యాహ్నం కుళాయి దగ్గర అయిదో తరగతి కుర్రాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. ఆమె ఎన్నడూ పాఠం చెప్పని పిల్లలు. ముందున్నవాడు నీళ్ళు తాగుతుంటే వెనకవాళ్ళు ఊరుకోకుండా, కుడి చేతులు చాపి, ఎడమ చేత్తో భుజం నుంచి కిందికి తడుముకుంటూ ఏదో లెక్కపెడుతున్నారు. అందరి చేతులూ ఒకేసారి మోచేతి దగ్గర ఆగాయి. ఒకేసారి మణికట్టు దగ్గర ఆగాయి. ఆమె అడుగుల చప్పుడుకి వరస మొత్తం ఇటు తిరిగింది. వాళ్ళ మొహాల్లో వెక్కిరింత లేదు. జాలి ఉంది. కాటికి కాళ్ళు చాపుకున్న మనిషిని చూసినట్టు చూశారు. టీచరు నీళ్ళు తాగకుండానే తిరిగి వచ్చేసింది.

గేటు దగ్గర నిలబడినప్పుడు హాల్లోంచి హోరు రోజురోజుకీ ఎక్కువసేపు వినపడుతోంది. ఒక ఉదయం హోరు ఆగాక ప్రార్థన మాస్టారు ఆమెను వెతుక్కుంటూ గేటు దాకా వచ్చాడు. పల్చటి ముసలి మనిషి, మాట మెత్తన. ఎండలో చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి, ఒక్కసారైనా హాల్లోకి రామ్మా, పిల్లలు నీ గురించే... అని ఏదో చెప్పబోయాడు. శుక్రవారం ఎలాగూ వస్తున్నానుగా మాస్టారూ, మీ కాగితాలు కూడా బుడగలు లేకుండానే అంటించాను అంది టీచరు. ఆయన మొహం చిన్నబోయింది. వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. అంత కటువుగా అనాల్సింది కాదని ఆమెకూ అనిపించింది. కాని ఆ కాగితాలు రాసిన చెయ్యి ఆయనదే కదా.

గురువారం నమూనాల గది సర్దమని చెప్పారు. అధ్యక్షులవారు వచ్చేసరికి అస్థిపంజరాలు కంటికి కనపడకూడదట. మనిషి అస్థిపంజరానికి అప్పటికే దుప్పటి కప్పారు. దుప్పటి కింద భుజాలు, మోకాళ్ళు తెలుస్తూ, దుప్పటి లేనప్పటి కంటే భయంకరంగా ఉంది. టీచరు గబ్బిలం పెట్టెను పాత దినపత్రికల్లో చుట్టి పై అరలో పెట్టడానికి స్టూలు ఎక్కింది. ఎక్కాక గోడలో చిన్న రంధ్రం కనపడింది. ఆ గోడకి అవతలి పక్క ఆమె తరగతి నల్లబల్ల, దాని పైన ఆ పెట్టె.

రంధ్రంలోంచి నల్లని తీగ ఒకటి బయటికి వచ్చి ఉంది. జానెడు పొడుగు. కొసకి పట్టీ చుట్టి ఉంది. అది దేనికీ తగిలించి లేదు.

ఆమె స్టూలు మీద అలాగే నిలబడిపోయింది. అప్పుడే రొద మొదలైంది. స్టూలు సన్నగా అదిరింది. రొద పెట్టెలోంచి కాదు, ఆమె కాళ్ళ దగ్గర, మొన్నటి సెలవుల్లో ఈ గోడకి జరిపిన పాత ఫ్రిజ్‌లోంచి వస్తోంది. నమూనాలు చెడకుండా ఆమే ప్రతి సెలవులకీ పోరి పోరి బాగు చేయించుకునే ఫ్రిజ్. దాని రొదకి భయపడి ఇన్నాళ్ళూ నోరు కట్టేసుకుని, సుద్దముక్కలు అరగదీసింది. నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలో ఉండగానే ఇంకో ఆలోచన వచ్చింది. పెట్టె వినలేదు సరే, మరి ఎవరు విన్నారు? మాట పొల్లుపోకుండా, తను ఆగిన చోట ఆగుతూ ఎవరు మోశారు?

తరగతి గదిలో అప్పుడు ఉన్నది తనూ, పిల్లలూ.

సాయంత్రం అందరూ వెళ్ళాక పిచ్చుక ఒక్కతీ కుర్చీలు సర్దుతుంటే టీచరు దగ్గరికి పిలిచింది. కోపంగా అడగాలనుకుంది. కాని మామూలుగానే అడిగింది.

"నేను ఆ రోజు చెప్పిందంతా బయట చెప్పింది ఎవరు?"

పిచ్చుక కళ్ళు దించలేదు. భయపడలేదు.

"మొదట నేనే టీచర్. తర్వాత అందరం," అంది. చెప్పి, ఏదో మంచి పని గురించి అడిగినట్టు చిన్నగా నవ్వింది కూడా. "రేపు అయిపోతుంది టీచర్. మీరేం భయపడకండి."

ఆ నవ్వు చూసి టీచరు సంచి అందుకుని బయటికి వచ్చేసింది. కంటికి రెప్పలా చూసుకున్న పిల్లలు. ఒకరు కాదు, అందరూ. ఇంటికి నడుస్తూ, రేపు ఆ ఒక్క మాటా అనేద్దామని గట్టిగా అనుకుంది. ఎవరి కోసం మొండికెయ్యాలి? తనను అమ్మేసినవాళ్ళ కోసం ఇల్లు పోగొట్టుకోవడం తెలివితక్కువ. ఆ రాత్రి అన్నం దగ్గర అత్తగారితో కూడా అదే చెప్పింది. ముసలావిడ పళ్ళెంలో చెయ్యి పెట్టి, మణికట్టు వైపు కాసేపు చూసుకుంది.

శుక్రవారం గేటు దగ్గర ప్యూనును నిలబెట్టారు. టీచరు మొదటిసారి ప్రార్థన హాల్లోకి అడుగుపెట్టింది. పైకప్పు చాలా ఎత్తు. చెప్పులు విప్పిన నేల చల్లగా ఉంది. బడిలో ఉన్న పిల్లలంతా వరసల్లో నిలబడి ఉన్నారు, ఒక్క దగ్గు కూడా లేదు. వేదిక మీద కుర్చీల్లో అధ్యక్షులవారు, పక్కన ప్రిన్సిపాల్ గారు, కాస్త ఎడంగా ప్రార్థన మాస్టారు. టీచరుకు గోడవారగా చోటు చూపించారు. ప్రార్థన నడుస్తున్నంతసేపూ ఆమె తన మాటను లోపల అనుకుంటూనే ఉంది. నేను చెప్పిన పాఠంలో తప్పు ఉంది.

ప్రార్థన ముగిశాక, బరువున్నవాళ్ళు రండి అన్నాడు మాస్టారు.

పిచ్చుక వరసలోంచి వెళ్ళింది. వేదిక ముందు నిలబడి కళ్ళు మూసుకుంది.

"మా టీచర్‌ని నేను ఒక ప్రశ్న అడిగాను," అంది. "మా టీచర్‌ని నేను ఒక ప్రశ్న అడిగాను," అని హాలు హోరెత్తింది. గేటు దగ్గర వినే హోరు కాదిది, మాట మాటా గుండెకి తగిలింది. నేను అడగబట్టే టీచర్ చెప్పారు అంది పిచ్చుక. అందుకని టీచర్ బరువు నాది అంది. హాలంతా ఆ బరువు నాది అంది. టీచర్‌కి కష్టం రాకూడదని మేం రోజూ దించుతున్నాం, ఇంకా దిగలేదు, అందుకని ఇవాళ కూడా చెబుతున్నాను అంది.

అప్పుడు కుడి చెయ్యి ముందుకు చాచింది. హాల్లో అన్ని చేతులూ ఒకేసారి లేచాయి.

"కింద ఉన్నది అబద్ధం కాదు."

"కింద ఉన్నది అబద్ధం కాదు."

"భుజం నుంచి మోచేతి దాకా ఒకటే ఎముక."

ఎడమ చేతులు భుజాల మీద నుంచి కిందికి జారాయి. అన్నీ మోచేతుల దగ్గర ఆగాయి. టీచరు వీపు గోడకు ఆనుకుంది. తన పాఠం, తను ఆగిన చోట ఆగుతూ, తను ఊపిరి తీసుకున్న చోట ఊపిరి తీసుకుంటూ, చిన్నా పెద్దా అందరి నోళ్ళలోంచీ వస్తోంది. ప్రిన్సిపాల్ గారి చెయ్యి కూడా చాచి ఉంది. ఆయన పెదవులు బిగుసుకుని ఉన్నాయి గాని, పలుకుతున్నాయి. మధ్యలో ఆపే హక్కు ఆయనకు లేదు. అధ్యక్షులవారు అటూ ఇటూ చూసి, ఇదేదో ఇక్కడి పద్ధతి కాబోలనుకుని, ఆయన కూడా చెయ్యి చాచారు. ఎవరూ ఆమెను అమ్మలేదు, ఎవరూ చాడీలు మోసుకెళ్ళలేదు. పిల్లలు ఇన్ని రోజులూ దేవుడి ముందు తన తరఫున నిలబడి తన పాఠాన్ని అప్పజెబుతున్నారు. ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. అయినా ఆ వందల గొంతులు వింటుంటే ఒళ్ళు గగుర్పొడవడం మానలేదు. ఇంత నమ్మకంగా పలికేవాళ్ళు ఏది పలికించినా పలుకుతారు.

"మణికట్టులో ఏడు," అంది పిచ్చుక.

"మణికట్టులో ఏడు," అంది హాలు.

టీచరు ఉలిక్కిపడింది. పిచ్చుక మాట మార్చదు. మారిస్తే బరువు రెట్టింపవుతుంది. అంటే ఆ మాట అన్నది తనే. ఆ రోజు పెట్టె వైపు ఓ కన్ను వేసి, కంగారులో, చీలమండ లెక్క తెచ్చి మణికట్టుకి పెట్టింది తనే. కుళాయి దగ్గరి కుర్రాళ్ళు కూడా ఏడే లెక్కపెట్టుకున్నారు కాబోలు. రేపు ఈ పిల్లలు పెద్దవాళ్ళయినా, ఎక్కడున్నా, చెయ్యి చాపినప్పుడల్లా ఏడే అనుకుంటారు.

పెళ్ళిళ్ళకి పిలవం అన్నదాకా పలికి పిచ్చుక కళ్ళు తెరిచింది. మాస్టారు మెల్లగా దిగింది అన్నాడు. చేతులన్నీ దిగాయి. ప్రిన్సిపాల్ గారు చేతిరుమాలుతో మెడ తుడుచుకుని, టీచరు వైపు చూసి, రమ్మన్నట్టు తలూపాడు.

ఆమె వెళ్ళి పిచ్చుక నిలబడిన చోటే నిలబడింది. ఎదురుగా అన్ని మొహాలూ ఆమె నోటి కోసం చూస్తున్నాయి. ఏమన్నా సరే తిరిగి అనడానికి సిద్ధంగా ఉన్నాయి. ఇల్లు గుర్తొచ్చింది. చేట ముందు కూర్చున్న ముసలావిడ గుర్తొచ్చింది.

"నేను చెప్పిన పాఠంలో తప్పు ఉంది," అంది.

"నేను చెప్పిన పాఠంలో తప్పు ఉంది," అన్నారు పిల్లలు. చాలా గొంతుల్లో దిగులుంది. ప్రిన్సిపాల్ గారు కుర్చీలో వెనక్కి వాలాడు. అధ్యక్షులవారు తలాడించారు. వెళ్ళి కూర్చోమన్నట్టు ప్రిన్సిపాల్ గారు చెయ్యి చూపించాడు. ఆమె కదల్లేదు. కుడి చెయ్యి ముందుకు చాచి, ఎడమ చేత్తో మణికట్టు పట్టుకుంది.

"మణికట్టులో ఏడు కాదు," అంది.

వరసల్లో చేతులు మళ్ళీ లేచాయి. "మణికట్టులో ఏడు కాదు."

"ఎనిమిది."

"ఎనిమిది."

"ఆ ఒక్కటే తప్పు. మిగతాదంతా నిజం."

హాలు ఒక్క క్షణం ఊపిరి బిగబట్టింది. తర్వాత పైకప్పు అదిరేలా పలికింది. ప్రిన్సిపాల్ గారు సగం లేచి నిలబడ్డాడు, ఆయన పెదవులు కూడా కదిలాయి. మిగతాదంతా నిజం అన్న మాట కిటికీల్లోంచి, గేటు దాటి, వెనక ఇళ్ళ దాకా వెళ్ళి ఉంటుంది.

ఇక మిగిలింది మాస్టారు మాట. ప్రిన్సిపాల్ గారు ఆయన వైపు తిరిగి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ముసలాయన అది చూశాడు. చాచి ఉన్న తన చేతిని, మణికట్టు చుట్టూ వేళ్ళు కదిలిస్తూ, లెక్క సరిచూసుకుంటున్నట్టు కాసేపు చూసుకున్నాడు.

"దిగింది," అన్నాడు.